సీఆర్‌టీ షేడర్ ఎంచుకోవాలా? ముందు మీ తెరకు ఎన్ని గీతలున్నాయో చూడండి

పాత కన్సోల్ గేములను ఎమ్యులేటర్‌లో, అంటే ఆ కన్సోల్‌ను అనుకరించే ప్రోగ్రాంలో, ఆడేవాళ్లు ఎక్కువగా అడిగే ప్రశ్న ‘ఏ సీఆర్‌టీ షేడర్ బెస్ట్?’ అని. సీఆర్‌టీ అంటే పాత గొట్టపు టీవీ, గేమ్ బొమ్మను దాని బొమ్మలా మార్చే చిన్న ప్రోగ్రామే సీఆర్‌టీ షేడర్. జవాబులు కూడా అలాగే వస్తాయి: ఒకరు రోయల్ అంటారు, ఇంకొకరు గెస్ట్ అడ్వాన్స్‌డ్ అంటారు, మూడో ఆయన లాట్స్ మించింది లేదంటారు. ముగ్గురూ నిజమే చెబుతుంటారు. కానీ ఒకాయనది 4కే టీవీ, ఇంకొకాయనది 1080పీ మానిటర్, మూడో ఆయన ఫోన్‌లో ఆడుతుంటాడు. అదే షేడర్ ఒకచోట అచ్చం పాత టీవీలా ఉంటుంది, మరోచోట దోమతెర కట్టినట్టు ఉంటుంది. అందుకే షేడర్ పేరును ఆఖర్న చూద్దాం. ముందు తేల్చుకోవాల్సినవి నాలుగు: తెర ఎత్తు ఎన్ని పిక్సెళ్లు, తెరకు ఎంత వెలుగుంది, గ్రాఫిక్స్ చిప్ ఎంత బరువు మోయగలదు, మీకు కావాల్సింది ఎలాంటి పాత టీవీ. ఇవి తేలితే పేరు దానంతటదే తేలుతుంది.

ఇక్కడ చెప్పేదంతా రెట్రోఆర్క్‌ను (చాలా ఎమ్యులేటర్లను ఒకేచోట నడిపే ప్రోగ్రాం) దృష్టిలో పెట్టుకుని చెబుతున్నాను. సీఆర్‌టీ షేడర్లు ఎక్కువగా దొరికేది అందులోనే.

పాత టీవీ అసలు ఏం చేసేది

స్కాన్‌లైన్, మాస్క్ అనే రెండింటినీ చాలామంది ఒకటే అనుకుంటారు. కాదు. షేడర్ సెట్టింగుల్లో సగం గందరగోళం ఇక్కడే పుడుతుంది.

అమెరికా, జపాన్‌లలో వాడిన ఎన్‌టీఎస్‌సీ పద్ధతిలో టీవీ బొమ్మకు 525 గీతలు. అవి సరి, బేసి అని రెండు వంతులుగా పడతాయి. నెస్, సూపర్ నెస్, మెగా డ్రైవ్ లాంటి కన్సోళ్లు ఈ పద్ధతిని కొంచెం మోసం చేసి, ప్రతిసారీ 262 గీతల ఫీల్డునే పంపేవి. దాంతో ప్రతి ఫీల్డూ ఒకే చోట పడేది, మధ్య గీతల చోటు ఖాళీగా మిగిలేది. మనం 240పీ అనేది దీన్నే (262లో బొమ్మకు దక్కేవి సుమారు 240). ఆ ఖాళీలే స్కాన్‌లైన్‌ల మధ్య కనిపించే నల్లటి సందులు. ఇంకో ముఖ్యమైన సంగతి, ఎలక్ట్రాన్ కిరణం వెలుగు పెరిగేకొద్దీ లావవుతుంది. తెల్లటి మేఘం దగ్గర గీతలు దాదాపు కలిసిపోతాయి, చీకటి గుహ దగ్గర సన్నబడి సందులు పెరుగుతాయి. అన్ని రంగుల మీదా ఒకే మందంతో నల్లగీతలు గీసే షేడర్ చూడగానే కృత్రిమంగా అనిపించేది ఇందుకే.

మాస్క్ గొట్టం లోపలి కథ. ఎరుపు, ఆకుపచ్చ, నీలం ఫాస్ఫర్ చుక్కల్లో దేనికి చెందిన కిరణం దాని మీదే పడేలా ఆపే లోహపు జల్లెడ అది. సోనీ ట్రినిట్రాన్‌లో (1968 నుంచి) నిలువు తీగలు ఉండేవి, దాన్ని అపెర్చర్ గ్రిల్ అంటారు. ఇళ్లలోని మామూలు టీవీల్లో ఎక్కువగా స్లాట్ మాస్క్, అంటే ఇటుకల గోడలా అమరిన పొడుగు రంధ్రాలు. కంప్యూటర్ మానిటర్లలో ఎక్కువగా చుక్కల షాడో మాస్క్. స్కాన్‌లైన్‌లు కన్సోల్ పంపే సిగ్నల్ వల్ల వస్తాయి, మాస్క్ టీవీ వల్ల వస్తుంది. షేడర్‌లో ఈ రెండింటికీ మీటలు వేరు. ఒకదాన్ని సరిచేయడానికి రెండోదాన్ని తిప్పితే ఎంతసేపు కూర్చున్నా బొమ్మ దారికి రాదు.

ఎత్తు లెక్క

240 గీతల బొమ్మను మీ తెర మీద పరిస్తే ఒక్కో గీతకు ఎన్ని పిక్సెళ్లు దక్కుతాయి? అంతా ఇక్కడే ఉంది.

640×480 చేతి గాడ్జెట్లలో ఒక్కో గీతకు రెండే పిక్సెళ్లు. ఒకటి వెలుగు, ఒకటి చీకటి, ఇంకేమీ కుదరదు. ఇలాంటి తెర మీద సీఆర్‌టీ షేడర్ గురించి బుర్ర పాడుచేసుకోవద్దు. తేలికపాటి స్కాన్‌లైన్ పొర ఒకటి చాలు. అదీ వద్దనిపిస్తే ఇంకా మంచిది.

మన దగ్గర ఇప్పటికీ బోలెడన్ని ఉన్న 1366×768 ల్యాప్‌టాప్‌లలో మూడు రెట్లు పడుతుంది: 240కి 720, సూపర్ నెస్ వాడే 224కి 672. మూడు పిక్సెళ్లతో స్కాన్‌లైన్ బాగానే వస్తుంది. కిరణం లావు, సన్నం కూడా ఓ మాదిరిగా తెలుస్తుంది. మాస్క్‌కు మాత్రం చోటు లేదు.

1080పీ కొంచెం తిరకాసు. 1080ని 240తో భాగిస్తే 4.5. ఈ అర పిక్సెల్ వల్ల కొన్ని గీతలు లావుగా, కొన్ని సన్నగా పడి, తెర నిండా పట్టీలు తేలినట్టు కనిపిస్తాయి. దారులు రెండు. మొదటిది, పూర్ణాంకపు స్కేలింగ్‌తో నాలుగు రెట్లు, అంటే 960 వాడి పైనా కిందా 60 పిక్సెళ్ల చొప్పున నలుపు వదిలేయడం. రెండోది, ఐదు రెట్లు చేసి అంచులు కోసేయడం. సూపర్ నెస్ బొమ్మ 224 గీతలు కాబట్టి ఐదు రెట్లు చేస్తే 1120. పైన నాలుగు, కింద నాలుగు గీతలు పోతాయి. అసలు టీవీలే ఓవర్‌స్కాన్ పేరుతో అంతకంటే ఎక్కువ మింగేవి కాబట్టి ఆటగాడికి నష్టమేమీ లేదు. నా ఓటు దీనికే. 240 గీతలూ వాడే ప్లేస్టేషన్ గేములకైతే పైన పన్నెండు, కింద పన్నెండు పోతాయి. స్కోరు అంచున ఉండే గేముల్లో అది ఇబ్బంది, అప్పుడు నాలుగు రెట్లకే రండి. రెట్రోఆర్క్ కొత్త వెర్షన్లలో వీడియో, స్కేలింగ్ కింద ఈ ఓవర్‌స్కేల్, అండర్‌స్కేల్ ఎంపిక, దాన్ని నిలువుకు మాత్రమే వర్తింపజేసే ఎంపిక రెండూ ఉన్నాయి. అడ్డంగా పూర్ణాంకం అవసరం లేదు. సీఆర్‌టీలో అడ్డానికి పిక్సెల్ గడులే లేవు. 4:3 నిష్పత్తి ఉంచి వదిలేయండి.

1440పీలో 240కి సరిగ్గా ఆరు, 4కేలో సరిగ్గా తొమ్మిది. 4కే ఉన్నవాళ్లకు ఈ గొడవే లేదు. తొమ్మిది పిక్సెళ్లలో కిరణం ఆకారం గుండ్రంగా, నునుపుగా వస్తుంది. పూర్ణాంకం తప్పినా పెద్దగా తెలియదు. సీఆర్‌టీ షేడర్ల అసలు అందం చూడాలంటే 4కే తెరే అనడం అతిశయోక్తి కాదు.

గొట్టపు వంపు విషయం కూడా ఎత్తు లెక్కలోదే. వంపు పెట్టగానే గీతలు వంగుతాయి, పూర్ణాంకపు లెక్క చెదిరిపోతుంది, తెర మీద ఇంద్రధనుస్సు వలయాల్లాంటి మోయిరే వస్తుంది. 1080పీలో వంపు కావాలంటే స్కాన్‌లైన్ బలం తగ్గించుకోవాలి. రెండూ గట్టిగా కావాలంటే కుదరదు.

వెలుగు ఖాతా

షేడర్ అంటే బొమ్మలో కొంత భాగాన్ని కావాలని నల్లబరచడమే. ఆ ఖర్చు ఎంతో ముందే లెక్కేసుకోండి.

గీత ఎత్తులో సగం నలుపు చేస్తే వెలుగు సగమవుతుంది. ఎరుపు, ఆకుపచ్చ, నీలం అని మూడు పిక్సెళ్ల మాస్క్‌ను పూర్తి బలంతో పెడితే మిగిలేది మూడో వంతు. మామూలు ల్యాప్‌టాప్ తెర వెలుగు 250 నిట్స్ (వెలుగు కొలత) అనుకుందాం. మాస్క్‌తో అది 83కి వస్తుంది, దాని మీద సగం స్కాన్‌లైన్ వేస్తే నలభై చిల్లర. పగలు కిటికీ పక్కన కూర్చుంటే మీ ముఖమే కనిపిస్తుంది తెరలో.

దీనికి మందుగా చాలామంది చేసే పని బ్రైట్‌నెస్ బూస్ట్‌ను పెంచేయడం. అది పరిమితిలో ఉంటేనే బాగుంటుంది. తెలుపు ఇప్పటికే గరిష్ఠ స్థాయిలో ఉంటుంది, దాన్ని ఇంకా పెంచడానికి చోటు లేదు. పెంచితే లేత రంగులన్నీ తెలుపులో కలిసిపోతాయి, మేఘాల్లో గీసిన నీడలు మాయమవుతాయి. సరైన వరుస ఇది: ముందు మానిటర్ బ్యాక్‌లైట్‌నే పూర్తిగా పెంచండి. తర్వాత మాస్క్ బలాన్ని 30 నుంచి 40 శాతానికి దించండి. అప్పటికీ మసకగా ఉంటే గామా (నడిమి వెలుగుల మోతాదు) ముట్టుకోండి, ఆఖర్న బూస్ట్. 250 నిట్స్ తెర మీద పూర్తి బలం మాస్క్ అనేది ఫొటోల్లో బాగుంటుంది, ఆటలో కాదు.

హెచ్‌డీఆర్ తెర, అంటే మామూలు కంటే బాగా ఎక్కువ వెలుగివ్వగల తెర, ఉన్నవాళ్ల సంగతి వేరు. 600 నిట్స్, ఆపైన ఇచ్చే తెరలో మాస్క్ తినేసిన వెలుగును బ్యాక్‌లైటే తిరిగి ఇస్తుంది. సోనీ మెగాట్రాన్ అనే షేడర్ పూర్తిగా ఈ ఆలోచన మీదే కట్టింది. వెలుగును చుట్టూ పాకించే బ్లూమ్, గ్లో లాంటి మాయలేమీ లేకుండా ఫాస్ఫర్ పట్టీలను ఉన్నదున్నట్టు వెలిగిస్తుంది. మంచి హెచ్‌డీఆర్ టీవీ మీద దాన్ని చూసినవాళ్లు మిగతావాటి జోలికి వెళ్లాలనుకోరు. మామూలు తెర మీద మాత్రం అది చీకటి గది.

మీకు కావాల్సింది ఏ టీవీ?

ఇది అభిరుచి ప్రశ్న. కానీ దీన్ని దాటేస్తే తప్పుడు షేడర్ చేతికొస్తుంది. ఆన్‌లైన్‌లో తిరిగే అందమైన స్క్రీన్‌షాట్లలో చాలావరకు సోనీ పీవీఎం, బీవీఎం లాంటి స్టూడియో మానిటర్లను అనుకరించేవే. వాటికి మూడు రంగులను విడివిడిగా తెచ్చే ఆర్‌జీబీ కేబుల్ కట్టి, పదునైన గీతలు, లోతైన నల్లటి సందులు తీస్తారు. అవి టీవీ కేంద్రాల్లో, ఎడిటింగ్ గదుల్లో ఉండేవి.

తొంభైల్లో హైదరాబాద్‌లోనో రాజమండ్రిలోనో టీవీ గేమ్ ఆడినవాళ్ల జ్ఞాపకం అది కాదు. మనకు దొరికింది ఎక్కువగా నెస్‌కు నకలుగా వచ్చిన పెట్టెలు, వాటికి పసుపు వైరు లేదా ఏరియల్ సాకెట్‌లో గుచ్చే ఆర్‌ఎఫ్ వైరు. క్యాసెట్ ఊది పెడితే వచ్చే ఆ బొమ్మలో రంగులు అంచులు దాటి కారేవి, అక్షరాలు కొంచెం అలుక్కుపోయేవి. పైగా మన టీవీలు పాల్ పద్ధతివి: 625 గీతలు, సెకనుకు 50 ఫీల్డులు. స్కాన్‌లైన్‌ల మధ్య సందులు పీవీఎంలో కనిపించినంత కరకుగా కనిపించేవి కావు. కాబట్టి ‘చిన్నప్పటి టీవీలా కావాలి’ అనుకునేవాళ్లు స్కాన్‌లైన్ బలం తగ్గించి, పసుపు వైరులో వచ్చే కాంపోజిట్ సిగ్నల్‌ను అనుకరించే ప్రీసెట్ (సిద్ధంగా ఉన్న షేడర్ సెట్టింగ్) తీసుకోవాలి. ‘బొమ్మ గీసినవాళ్ల పనితనం స్పష్టంగా చూడాలి’ అనుకునేవాళ్లు ఆర్‌జీబీ రకానికి వెళ్లాలి. రెండింట్లో ఏదీ తప్పు కాదు, కానీ ఒకటి కోరుకుని రెండోది పెట్టుకుంటే తృప్తి ఉండదు.

కాంపోజిట్ వల్ల ఒక నిజమైన లాభం కూడా ఉంది. మెగా డ్రైవ్‌లో మొదటి సోనిక్ గేమ్ జలపాతం చూడండి. పిక్సెళ్లను ఉన్నవున్నట్టు చూస్తే అవి నిలువు చారలు, ఒకటి విడిచి ఒకటి. పసుపు వైరులో ఆ చారలు కరిగిపోయి, వెనక బొమ్మ కనిపించే పారదర్శక నీళ్లవుతాయి. ఆ కన్సోల్‌కు నిజమైన పారదర్శకత చేతకాదు కాబట్టి, సిగ్నల్ మసకను బొమ్మలు గీసేవాళ్లు పనిముట్టుగా వాడుకున్నారు. మెగా డ్రైవ్‌కు కాంపోజిట్ షేడర్ పెట్టడానికి ఇంతకంటే కారణం అక్కర్లేదు. సూపర్ నెస్‌కు పారదర్శకత హార్డ్‌వేర్‌లోనే ఉంది, దానికి ఆర్‌జీబీ చాలు.

ఎన్‌టీఎస్‌సీ అడాప్టివ్ అనే షేడర్ బొమ్మ వెడల్పు 256నా, 320నా అన్నది చూసి తనే పద్ధతి మార్చుకుంటుంది. కాంపోజిట్‌కు మొదట ప్రయత్నించాల్సింది అదే. పాల్ ఫోల్డర్‌లో షేడర్లు తక్కువ, కానీ ఉన్నాయి. పాల్‌లో రంగు గీత గీతకూ దశ మార్చుకుని సగటు అవుతుంది కాబట్టి ఎన్‌టీఎస్‌సీలో కనిపించే ఇంద్రధనుస్సు మరకలు తక్కువ. మరీ పట్టింపు ఉంటే నెస్ కోర్ల (రెట్రోఆర్క్‌లో ఒక్కో కన్సోల్‌ను నడిపే భాగాన్ని కోర్ అంటారు) రీజియన్ సెట్టింగ్‌లో ‘డెండీ’ అని ఒకటుంది, 50 హెర్ట్‌జ్ నకలు పెట్టెల కోసం. 60 హెర్ట్‌జ్ మానిటర్ మీద అది పెడితే కదలికలో కుదుపు వస్తుంది. జ్ఞాపకం కోసం అంత త్యాగం అక్కర్లేదని నా అభిప్రాయం.

ఇక పేర్లు

జెడ్‌ఫాస్ట్ సీఆర్‌టీ, సీఆర్‌టీ పై. రెండూ బలం తక్కువ ఉన్న చిప్పుల కోసం రాసినవి. రెండోది పేరులోనే ఉన్నట్టు రాస్ప్‌బెర్రీ పై కోసం. చవక ఫోన్లు, పాత ల్యాప్‌టాప్‌లు, చేతి గాడ్జెట్లకు జెడ్‌ఫాస్ట్ పెట్టండి. ఒకే దశలో పని ముగిస్తుంది, మీటలు కొన్నే, పాడు చేయడానికి పెద్దగా ఏమీ ఉండదు. ఫోన్‌లో ఆడితే మాస్క్‌ను సున్నా చేసేయండి. అంగుళానికి నాలుగు వందల పిక్సెళ్లుండే తెర మీద మాస్క్ కంటికి ఆనదు, వెలుగు మాత్రం తినేస్తుంది.

సీఆర్‌టీ ఈజీమోడ్ పేరుకు తగ్గట్టే ఉంటుంది. 1080పీ తెర, ఇంటెల్ అంతర్గత గ్రాఫిక్స్ ఉన్న ఆఫీసు ల్యాప్‌టాప్‌కు దీన్ని మించిన బేరం లేదు. పదునైన బొమ్మ, ఎత్తిపొడిచినట్టు కాకుండా మెత్తటి స్కాన్‌లైన్, పెద్దగా తగ్గని వెలుగు. ‘నాకు సర్దుబాట్లు వద్దు, పెట్టి ఆడుకోవాలి’ అనేవాళ్లు ఇక్కడే ఆగిపోవచ్చు. హిలియన్ కూడా ఈ కోవలోదే. గీతలు ఇంకొంచెం స్పష్టంగా, ఆర్‌జీబీ మానిటర్ ఛాయతో ఉంటాయి.

సీఆర్‌టీ జియోమ్, సీఆర్‌టీ లాట్స్ పాత కాపులు. జియోమ్ ప్రత్యేకత వంపు. గొట్టం వ్యాసార్థం, చూసే దూరం, మూలల గుండ్రదనం అన్నీ మార్చుకోవచ్చు. లాట్స్‌ను టిమోతీ లాట్స్ రాసి అందరికీ ఉచితంగా వదిలారు, అందుకే దాని ఛాయలు ఎన్నో చోట్ల కనిపిస్తాయి. దాని మామూలు సెట్టింగ్‌లో మాస్క్ కొంచెం గరుకు, ఆర్కేడ్ పెట్టె ముందు నిలబడినట్టు ఉంటుంది. ఆర్కేడ్ గేములకు అది దోషం కాదు, గుణమే. నెస్ ఆటలకు మాత్రం నాకు రుచించదు.

సీఆర్‌టీ రోయల్‌కు పెద్ద పేరు. పన్నెండు దశల్లో పనిచేస్తుంది. దీని గొప్పతనం మాస్క్ వల్ల పోయిన వెలుగును తిరిగి రాబట్టే తీరులో ఉంది. అంకెను గుడ్డిగా పెంచేయదు, గరిష్ఠాన్ని దాటిన వెలుగును చుట్టుపక్కల ఫాస్ఫర్లకు పొంగి పొర్లేలా పంచుతుంది. నిజమైన గొట్టంలో వెలుగు అద్దం లోపల చెదిరే తీరును కూడా లెక్కలోకి తీసుకుంటుంది. కానీ ఇది 4కే తెర, విడిగా గ్రాఫిక్స్ కార్డు ఉన్నవాళ్ల సరుకు. 1080పీలో దాని మాస్క్‌కు ఊపిరాడదు. అంతర్గత గ్రాఫిక్స్‌లో 60 ఫ్రేములు నిలవక ధ్వని చిటపటలాడుతుంది. ఇంటెల్ చిప్పుల కోసం తేలిక చేసిన ప్రీసెట్ విడిగా పెట్టాల్సి వచ్చిందంటేనే అర్థం చేసుకోవచ్చు.

సీఆర్‌టీ గెస్ట్ అడ్వాన్స్‌డ్. కొంచెం కష్టపడటానికి సిద్ధంగా ఉన్నవాళ్లకు నేను చెప్పేది ఇదే. రోయల్ అంత బరువు కాదు, దాని కంటే ఎక్కువ వంగుతుంది. స్లాట్, గ్రిల్, షాడో అన్ని రకాల మాస్కులూ, వెలుగు చీకట్లకు వేర్వేరు కిరణపు మందాలు, వేర్వేరు బూస్టులు ఉన్నాయి. తేలిక మిషన్ల కోసం ఫాస్ట్, కాంపోజిట్ కోసం ఎన్‌టీఎస్‌సీ, పెంచిన రిజల్యూషన్ గేముల కోసం హెచ్‌డీ అని అన్నదమ్ములూ ఉన్నారు. లోపం ఒకటే, పారామీటర్ల జాబితా తెరిస్తే కళ్లు తిరుగుతాయి. వాటిలో అవసరమైనవి ఏవో కింద చెబుతాను.

మెగా బెజెల్ విడిగా ఒక కొత్త గేమ్ నడిపినంత బరువు. టీవీ చట్రం, దాని మీద బొమ్మ ప్రతిబింబం, గది నీడ, అన్నీ గీస్తుంది. చూడటానికి మహా అందం. అయితే 16:9 తెరలో చట్రానికి చోటివ్వాలంటే గేమ్ బొమ్మ చిన్నదవుతుంది, అంటే పైన చెప్పిన ఎత్తు లెక్క మళ్లీ మొదటికొస్తుంది. 4కే లేకుండా దాని జోలికెళ్లడం పిచ్చుక మీద బ్రహ్మాస్త్రమే.

గెస్ట్ అడ్వాన్స్‌డ్‌ను మచ్చిక చేసుకోవడం

రెట్రోఆర్క్ ఆన్‌లైన్ అప్‌డేటర్‌లో స్లాంగ్ షేడర్లు (స్లాంగ్ అనేది ఒక షేడర్ ఫార్మాట్) దించుకోండి. స్లాంగ్ రకం పనిచేయాలంటే వీడియో డ్రైవర్ వల్కన్, జీఎల్‌కోర్, లేదా విండోస్‌లో డీ3డీ11 లాంటిది అయుండాలి. గేమ్ నడుస్తుండగా క్విక్ మెనూలో షేడర్లు తెరిచి ప్రీసెట్ ఎక్కించి, షేడర్ పారామీటర్లలోకి వెళ్లండి.

మొదట మాస్క్ బలాన్ని సున్నా చేయండి. ఇది మాత్రం మరవద్దు. మాస్క్ ఉండగా స్కాన్‌లైన్‌ను చూస్తే ఏ మార్పు దేని వల్ల వచ్చిందో తెలియదు. అప్పుడు చీకటి, వెలుగు రెండూ ఉన్న ఒక సన్నివేశంలో గేమ్ ఆపి, చీకటి, వెలుగు పిక్సెళ్ల దగ్గర స్కాన్‌లైన్ ఆకారాన్ని మార్చే రెండు మీటలను సరిచేయండి. తెల్లటి అక్షరాల మీద సందులు దాదాపు కనిపించకూడదు. ముదురు నీలం ఆకాశం మీద స్పష్టంగా కనిపించాలి. ఈ తేడా రాకపోతే మిగతా ఎన్ని తిప్పినా బొమ్మకు ప్రాణం రాదు.

తర్వాత అడ్డపు పదును. మరీ పదునుగా ఉంటే పిక్సెళ్ల మెట్లు కనిపిస్తాయి, అప్పుడది గీతలు గీసిన ఎల్‌సీడీ మాత్రమే. అక్షరాలు చదవగలిగేంత వరకు మెత్తబరచండి.

ఇప్పుడు మాస్క్. సగం మార్పు దాని పరిమాణంలో ఉంది, ఈ లెక్క చూడండి. 1080పీలో 4:3 బొమ్మ వెడల్పు 1440 పిక్సెళ్లు. మూడు పిక్సెళ్ల మాస్క్ అయితే అడ్డంగా 480 త్రికాలు (ఎరుపు, ఆకుపచ్చ, నీలం కలిసిన గుంపులు), మామూలు ఇంటి టీవీకి దగ్గర. 4కేలో వెడల్పు 2880, అదే మూడు పిక్సెళ్ల మాస్క్ పెడితే 960 త్రికాలు. అంత సన్నటి జల్లెడ మామూలు టీవీకి ఉండేది కాదు. అందుకే 4కేలో మాస్క్ సైజ్‌ను 2 చేయాలి. మెజెంటా, ఆకుపచ్చ అని రెండు పిక్సెళ్ల మాస్క్ కూడా ఉంది. అది ఎల్‌సీడీ పిక్సెల్ లోపలి ఎరుపు, ఆకుపచ్చ, నీలం గీతలనే ఫాస్ఫర్లుగా వాడుకుంటుంది. వెలుగులో సగమే పోతుంది. 1080పీలో మూడు పిక్సెళ్లది గరుకుగా అనిపిస్తే దీన్ని చూడండి. కానీ మీ తెరలో ఉపపిక్సెళ్ల వరుస ఆర్‌జీబీ అయితేనే ఇది సరిగ్గా పనిచేస్తుంది. చాలా ఓఎల్‌ఈడీ ఫోన్లలో ఆ వరుస పాటించని పెన్‌టైల్ అమరిక ఉంటుంది, చాలా ఓఎల్‌ఈడీ టీవీల్లో తెలుపు ఉపపిక్సెల్ అదనం. అక్కడ రంగు మరకలు వస్తాయి.

మాస్క్‌ను 30 శాతంతో మొదలుపెట్టి, మామూలుగా కూర్చునే దూరం నుంచి చూడండి. తెరకు ముక్కు ఆనించి చూస్తే ఏ షేడరైనా నచ్చదు, ఏ సీఆర్‌టీ అయినా నచ్చేది కాదు. గ్లో, బ్లూమ్‌లను కొంచెం కొంచెంగా పెంచండి. డీకన్వర్జెన్స్ (మూడు రంగులు ఒకచోట కలవకపోవడం), నాయిస్ లాంటి ‘పాతదనం’ మీటలను వదిలేయండి. అవి బాగా నడిచే టీవీ లక్షణాలు కావు, రిపేరుకు పంపాల్సిన టీవీ లక్షణాలు.

ఎక్కడెక్కడ బెడిసికొడుతుంది

ప్లేస్టేషన్ కోర్‌లో అంతర్గత రిజల్యూషన్ నాలుగు రెట్లు పెంచి, దాని మీద సీఆర్‌టీ షేడర్ పెడతారు కొందరు. షేడర్ స్కాన్‌లైన్‌లను లెక్కపెట్టేది వచ్చే బొమ్మ ఎత్తును బట్టి. 960 గీతల బొమ్మ వస్తే 960 స్కాన్‌లైన్‌లు గీస్తుంది, 1080పీ తెర మీద అది బూడిద రంగు పొగ తప్ప ఏమీ కాదు. షేడర్ కావాలంటే అసలు రిజల్యూషన్‌కే రండి, లేదా గెస్ట్ హెచ్‌డీ రకం వాడండి. ఎమ్యులేటర్ సెట్టింగుల్లో బైలీనియర్ ఫిల్టర్ ఆపేయండి. బొమ్మ ముందే మసకబారితే షేడర్‌కు పని మిగలదు.

విండోస్‌లో ఎమ్యులేటర్‌ను చిన్న విండోలో నడిపినా, మానిటర్‌ను దాని అసలు రిజల్యూషన్ కాకుండా తక్కువలో పెట్టినా మాస్క్ చెదిరిపోతుంది. ఫుల్ స్క్రీన్, అసలు రిజల్యూషన్ తప్పనిసరి. వేరేవాళ్ల స్క్రీన్‌షాట్‌ను ఫోన్‌లో చూసి షేడర్ ఎంచుకోవడం కూడా ఇలాంటిదే. బొమ్మ చిన్నదయ్యాక అందులో మిగిలేది మోయిరే.

కదలిక సంగతి చాలామందికి తట్టదు. సీఆర్‌టీలో బొమ్మ ఒక్క క్షణం మెరిసి ఆరిపోయేది, అందుకే సోనిక్ ఎంత పరిగెత్తినా స్పష్టంగా కనిపించేవాడు. 60 హెర్ట్‌జ్ ఎల్‌సీడీ ఒక ఫ్రేమును పూర్తిగా నిలిపి ఉంచడం వల్ల కదలిక అలుక్కుపోతుంది. దీన్ని ఏ స్కాన్‌లైనూ బాగు చేయలేదు. 120 హెర్ట్‌జ్ తెర ఉంటే మధ్యలో నల్ల ఫ్రేమ్ వేసే ఎంపిక ఉంది. వెలుగు సగమవుతుంది, కొన్ని ఎల్‌సీడీల్లో తాత్కాలికంగా బొమ్మ అచ్చు మిగిలిపోయే ప్రమాదం కూడా ఉంది కాబట్టి గంటల తరబడి వదలకండి. 2024 చివర్లో బ్లర్ బస్టర్స్‌కు చెందిన మార్క్ రెజాన్, టిమోతీ లాట్స్ కలిసి కిరణం పైనుంచి కిందకు నడిచే తీరునే అనుకరించే షేడర్ విడుదల చేశారు. దాని బలం 240 హెర్ట్‌జ్, ఆపైన తెరల్లోనే తెలుస్తుంది. 60 హెర్ట్‌జ్ వాళ్లు ఈ పేరా మరచిపోవచ్చు.

అడిగితే నేను చెప్పేది

ఫోనైనా, 768 ల్యాప్‌టాపైనా జెడ్‌ఫాస్ట్, మాస్క్ లేకుండా. అంతర్గత గ్రాఫిక్స్‌తో 1080పీ అయితే ఈజీమోడ్. 1080పీకి ఓ మాదిరి గ్రాఫిక్స్ కార్డు తోడైతే గెస్ట్ అడ్వాన్స్‌డ్, ఐదు రెట్ల ఓవర్‌స్కేల్, వంపు లేకుండా. 4కే మామూలు తెరకు కూడా గెస్టే, మాస్క్ సైజ్ 2తో. రోయల్‌ను ఒకసారి పెట్టి చూసి నచ్చితే ఉంచుకోండి. మంచి హెచ్‌డీఆర్ టీవీ ఉంటే మెగాట్రాన్. మెగా డ్రైవ్‌కు మాత్రం ఏ తెరైనా కాంపోజిట్ రకమే.

కుదిరిన సెట్టింగ్‌ను ‘గ్లోబల్’గా కాకుండా కోర్ ప్రీసెట్‌గా దాచుకోండి. గ్లోబల్‌గా దాస్తే రేపు గేమ్ బాయ్ అడ్వాన్స్ గేమ్ తెరిచినప్పుడు దాని మీద కూడా టీవీ గీతలు పడతాయి. అది పుట్టిందే ఎల్‌సీడీ మీద. దానికి ఎల్‌సీడీ గ్రిడ్ షేడర్లు విడిగా హ్యాండ్‌హెల్డ్ ఫోల్డర్‌లో ఉన్నాయి.